రాజీనామా రాసే ముందు

మేనకోడలికి,

జడ్చర్ల దగ్గరి పోలేపల్లి మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఉద్యోగం మానేసి, బ్యాంకు అప్పుతో అమెరికాలో ఎం.ఎస్. చేస్తానంటున్నావట. దేశం దాటొద్దని నేననను బిడ్డా. పాలమూరు, నల్లగొండ మనుషులకు ఊరు విడిచి పోవడం కొత్త కాదు. నేనడిగేది ఒక్కటే: ఎవరి చేతి మీదుగా పోతావు? గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని డ్యాముల మట్టిపనికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీ ఎంత పనిమంతుడైనా మేస్త్రీ మందిలో ఒకడిగానే లెక్కకొచ్చాడు. నెత్తిన అప్పుతో, వీసా గడువు దగ్గరపడి, ఏ కన్సల్టెన్సీ ఏం చెబితే దానికి తలూపే పిల్లల స్థితి నాకు దానికి దగ్గరగానే కనిపిస్తుంది. నీ పని ఎరిగినవాళ్లే నిన్ను పిలిపించుకునే దారి, ఇప్పుడు నువ్వున్న కంపెనీలోనే ఉండొచ్చు.

జడ్చర్లలో కూర్చుంటే ప్రపంచం దూరమనుకుంటున్నావు. మందుల తయారీలో అది నిజం కాదు. నువ్వు సంతకం చేసే బ్యాచ్ రికార్డు, తయారీలో తేడా వస్తే నువ్వు రాసే డీవియేషన్ రిపోర్టు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు వచ్చి వరుస వరుసా చదివేవి. 2015 నవంబరులో ఎఫ్‌డీఏ డాక్టర్ రెడ్డీస్‌కు పంపిన హెచ్చరిక లేఖలో శ్రీకాకుళం, దువ్వాడ ప్లాంట్లతో పాటు మన మిర్యాలగూడ ప్లాంటు కూడా ఉంది. ఆ వార్తతో కంపెనీ షేరు ఒక్కరోజులోనే బాగా పడిపోయింది. అంటే నల్లగొండ జిల్లాలో రాసిన కాగితం బాగా లేకపోతే ఆ నష్టం కంపెనీ మొత్తానికి తగులుతుంది. అదే కాగితాన్ని ఏ ఇన్‌స్పెక్టరూ తప్పుపట్టలేనట్టు రాయగలిగిన మనిషి విలువ కూడా అంత దూరమూ పోతుంది. కంపెనీకి ఇంకో దేశంలో ప్లాంటు ఉంటే, అక్కడ చిక్కొచ్చినప్పుడు గుర్తొచ్చేది అలాంటివాళ్లే.

వీసాల లెక్క కూడా చూడు. ఎం.ఎస్. అయ్యాక పని అనుమతి ఒక ఏడాది, సైన్సు, ఇంజినీరింగ్ చదువులకు మరో రెండేళ్లు. ఆ తరువాత హెచ్-1బి ఉద్యోగ వీసా. ఏటా ఇచ్చేవి 65,000, అక్కడ పీజీ చేసినవారికి ఇంకో 20,000. అడిగేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ, కనుక లాటరీ. కంపెనీలోపలి బదిలీకి ఇచ్చే ఎల్-1కు ఆ పరిమితి లేదు, లాటరీ లేదు. గడిచిన మూడేళ్లలో ఒక ఏడాది ఎడతెగకుండా అదే సంస్థ విదేశీ శాఖలో పనిచేసి ఉండాలి. ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారికి గరిష్ఠంగా ఐదేళ్లు, మేనేజర్లకు ఏడేళ్లు. వెంట వచ్చే భర్తకూ అక్కడ పనిచేసే హక్కుంటుంది, ఇంట్లో పెళ్లి మాట ఎత్తినప్పుడు ఇదీ చెప్పు. పైగా అమెరికా ఒక్కటే లోకం కాదు, ఐర్లాండు, జర్మనీ, సింగపూరుల్లోనూ పెద్ద మందుల ప్లాంట్లున్నాయి.

ఎల్-1 మీద పోతే కంపెనీకి కట్టుబడిపోతామని నువ్వనవచ్చు. నిజమే. ఆ వీసాతో ఇంకో కంపెనీకి మారలేవు, హెచ్-1బికి ఉన్నట్టు కనీస జీతం షరతు కూడా దానికి లేదు. అందుకే జీతం, తిరుగు ప్రయాణం, వెనక్కొచ్చాక హోదా, అన్నీ కాగితం మీద రాయించుకొనే కదలాలి. అయితే అక్కడ కుదరకపోతే నువ్వు వచ్చేది ఉద్యోగానికి, అప్పుకు కాదు. ఈ తేడా నాకు చాలా పెద్దది.

ఇక్కడి ప్లాంటువాళ్లను పై కుర్చీల దాకా ఎవరు రానిస్తారని కూడా అనవచ్చు. ఒక ఉదాహరణ చూడు. పెన్సిల్వేనియాకు చెందిన మందుల కంపెనీ మైలాన్ 2007లో హైదరాబాదు మ్యాట్రిక్స్ ల్యాబొరేటరీస్‌లో మెజారిటీ వాటా కొన్నది. ముడిమందుల తయారీ బలం మ్యాట్రిక్స్ దగ్గరుండేది. దాన్ని నడిపిస్తున్న రాజీవ్ మాలిక్ మైలాన్ అంతటి సాంకేతిక కార్యకలాపాలు చూసి, 2012లో ఆ సంస్థ ప్రెసిడెంటయ్యాడు. మైలాన్ కొనేనాటికే ఆయన మ్యాట్రిక్స్ సీఈఓ, నీ మెట్టు వేరు. ఒక్కరి కథతో అందరికీ హామీ దొరకదు. కానీ కొన్నవాడికి లేని పని కొనబడ్డవాడి చేతిలో ఉంటే, దేశం, యాస అడ్డుపడలేదన్నది అందులో స్పష్టంగా ఉంది. తెలుగు మీడియం ఇంగ్లిషు గురించి నీ దిగులు నాకు తెలుసు. ఆడిటర్‌కు కావలసింది ధారాళంగా మాట్లాడటం కాదు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేశారు, ఈ మూడూ చిన్న వాక్యాల్లో తేటగా చెప్పగలగాలి. అది సాధనతో వస్తుంది.

కాబట్టి ఈ రెండేళ్లు ఇన్వెస్టిగేషన్ రిపోర్టులు అడిగి తీసుకొని రాయి. వచ్చే ఆడిట్‌లో వెనకగదిలో ఫైళ్లు అందించే పని కాక, ఇన్‌స్పెక్టర్ ఎదుట కూర్చుని జవాబిచ్చే చోటు అడుగు. ఒక ప్లాంటు నుంచి ఇంకో ప్లాంటుకు మందు తయారీని మార్చే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్టు ఎక్కడ మొదలైనా పేరియ్యి. అవతలి దేశంవాళ్లతో రోజూ మాట్లాడే అవకాశం అందులోనే ఎక్కువ. విదేశంలో పనిచేయాలనుందని నీ మేనేజర్‌కు సూటిగా చెప్పు. మనవాళ్లు అడగడానికి మొహమాటపడి, అడిగినవాళ్లకు వచ్చాక బాధపడతారు. రెండేళ్లయినా తలుపు కదలకపోతే ఎం.ఎస్.కే పో, అప్పటికి చేతిలో అనుభవముంటుంది కనుక అప్పుకు నేనే హామీ సంతకం పెడతాను. ఈలోగా మీ కంపెనీకి ఏయే దేశాల్లో ప్లాంట్లున్నాయో, ఇక్కడినుంచి ఎవరెవరు ఏ పని మీద అక్కడికి పోయారో కనుక్కొని నాకు రాయి.

మామయ్య