మైకు పిల్లల చేతికివ్వండి

1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడాల్సిన రోజున చంద్రమతి వేషధారి రాలేదు. ఆ లోటు పూడ్చడానికి స్థానం నరసింహారావు అనే స్థానిక కుర్రాడు చంద్రమతి అయ్యాడు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, చిత్రాంగిగా, సత్యభామగా, మధురవాణిగా పేరు మోసి, 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. ప్రతిభ ఆయనదే. కానీ సొంత ఊళ్లో నాటకం పెట్టే మనుషులు, వేళకు ఖాళీ అయిన ఓ పాత్ర లేకపోతే అది ఎప్పుడు బయటపడేదో!

నలుగురిలో మాట్లాడటం నేర్పిస్తామంటే ఫీజు కట్టి పిల్లల్ని చేరుస్తున్నాం. ఆ నలుగురూ మన వీధిలోనే ఉన్నారు. తెనాలి ఐతానగరంలోనైనా, రేపల్లెలోనైనా సంక్రాంతికో చవితికో వీధివాళ్లు చందాలు వేసుకుని పిల్లలకు ఆటల పోటీలు పెట్టడం కొత్తేమీ కాదు. చిక్కల్లా, పనంతా పెద్దలే చేసేస్తారు. షామియానా, మైకు సెట్టు, బహుమతుల కొనుగోలు అన్నీ వాళ్లవే. పిల్లలు చెంచాలో నిమ్మకాయతో నడిచి, స్టీలు డబ్బా పుచ్చుకుని, ఫొటోకి నిలబడతారు. మధ్యలో ముఖ్య అతిథి ప్రసంగం ఉండనే ఉంటుంది. పిల్లల ఓపికకు అసలైన పోటీ అదే.

మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో బాలానంద సంఘం పెట్టారు. తెలుగు పిల్లలకు వాళ్లు అన్నయ్య, అక్కయ్య. పిల్లల చేతే పాడించారు, మాట్లాడించారు, నాటకాలు వేయించారు. వీధి వేడుకలో మనకు కావలసింది ఆ అన్నయ్య వరస.

పన్నెండేళ్ల అమ్మాయికి మైకు ఇవ్వండి. లెక్కల్లో చురుకైనవాడికి చందాల పుస్తకం అప్పగించండి. ఎవరితోనూ కలవని పిల్లవాడుంటే వాడిని వేదిక మీదికి నెట్టకండి. వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే పని చాలు. పేరు అడగాలంటే నోరు విప్పాల్సిందేగా. ఇక మైకు పట్టిన అమ్మాయి మధ్యలో తడబడుతుంది. పక్కనున్న బాబాయి చెయ్యి మైకు మీదికి వెళ్తుంది. ఆ చెయ్యి ఆపుకోవడమే పెద్దలకు కష్టమైన పని. రెండు నిమిషాల నిశ్శబ్దానికి కార్యక్రమం చెడిపోదు. ఆ నిశ్శబ్దంలోంచి తనే మాట వెతుక్కుని బయటపడితే, మరోసారి తడబడ్డప్పుడు ఎవరివైపూ చూడదు.

దీనికి కళ్యాణ మండపం అక్కర్లేదు. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువలో పడవ మీదే గ్రంథాలయం నడిపి ఊళ్లకు పుస్తకాలు చేర్చారు. భవనం వచ్చాక చూద్దామని కూర్చోలేదు. మనకు ఐదారిళ్లు, ఓ డాబా, ఓ ఆదివారం సాయంత్రం చాలు. మైకు పెడితే అనుమతి తీసుకోండి, రాత్రి పదికల్లా కట్టేయండి.

పెద్దలకూ ఇందులో చదువుంది. చందా కోసం తలుపు తట్టినప్పుడే ఎదురింటివాళ్ల పేరు తెలియదని గుర్తొస్తుంది. ఇవ్వలేనివాళ్ల పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టడం తెలియాలి. ‘మా అమ్మాయికి ఫస్ట్ ఎందుకు రాలేదు?’ అని అడిగే వదినగారికి నవ్వుతూ, నొప్పించకుండా, అయినా మాట మార్చకుండా జవాబు చెప్పగలగాలి. ఇది ఏ క్లాసులోనూ రాదు. నా మాట వింటే చిన్నపిల్లలకు ఫస్ట్, సెకండ్ పెట్టకండి. గొడవలు సగం తగ్గుతాయి.

మర్నాడు ఖర్చుల కాగితం గోడకు అంటించండి. లెక్క రాసిన పిల్లవాడి చేతే రాయించండి, తప్పుంటే వాడి చేతే దిద్దించండి. మిగిలిన డబ్బు ఏం చెయ్యాలో పిల్లల్నే కూర్చోబెట్టి అడగండి. క్యారమ్ బోర్డు కొందామంటే కొననివ్వండి. అది ఎవరింట్లో ఉండాలన్న తగాదా కూడా వాళ్లనే తేల్చుకోనివ్వండి.