చక్రము మారినచో మీటరు మాట నమ్మదగునా?

ఎడ్లబండి తోలిన పెద్దలకు ఒక సంగతి బాగుగా తెలియును. పెద్ద చక్రము ఒక్క చుట్టు తిరిగినచో బండి ఎక్కువ దూరము సాగును. చిన్న చక్రము అంత దూరము పోవుటకు ఎక్కువ చుట్లు తిరుగవలెను. ఈ సంగతియే నేటి జీపులకును, మోటారు సైకిళ్లకును వర్తించును. కాని టైర్లు మార్పించునపుడు దీనిని మరచువారు పెక్కురు. ఆ మరపువలన కలుగు ప్రమాదమెట్టిదో, దానిని తప్పించుకొను మార్గమేదో ఈ వ్యాసమున వివరింతుము.

ఇటీవల మేమొక గ్రామమునకు పోయినపుడు, తన జీపునకు పెద్ద టైర్లు వేయించిన యువకుడొకడు కనిపించెను. "బడి ముందర వేగము తగ్గించుచున్నావా, నాయనా?" అని అడిగితిమి. "తగ్గించుచునే యున్నానండీ. అక్కడ ముల్లు నలుబది దాటనీయను. మీటరు కంపెనీవారు పెట్టినదే, దానిని మేమెవ్వరమును తాకలేదు" అని అతడు బదులు చెప్పెను. అతడు నిజమే చెప్పెను. కాని మీటరు అతనికి నిజము చెప్పుట లేదు.

మీటరు దేనిని లెక్కించును?

స్పీడోమీటరు రోడ్డును కొలువదు. చక్రము గాని, చక్రమును త్రిప్పు యంత్రభాగము గాని ఎంత త్వరగా తిరుగుచున్నదో మాత్రమే గ్రహించును. ఒక్క చుట్టునకు బండి ఎంత దూరము సాగునో తయారీదారు ముందుగానే నిర్ణయించి, దానికి తగినట్లు మీటరును అమర్చును.

ఈ పద్ధతి మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ దూరమును కొలుచు బండి నొకదానిని తన గ్రంథమున వర్ణించెను. దాని చక్రపు చుట్టుకొలత 12½ అడుగులు. అది 400 మార్లు తిరిగినచో 5,000 అడుగులు, అనగా ఒక రోమను మైలు పూర్తియగును. అప్పుడొక గులకరాయి పాత్రలో పడును. ఆ బండికి ఇంకను పెద్ద చక్రము తగిలించినచో ఏమగును? బండి మైలునకు మించి పోయినను రాయి ఒక్కటియే పడును. మన జీపు మీటరు పొరపాటును అట్టిదే.

టైరు ఎత్తును లెక్కించుట

టైరు ప్రక్కన అచ్చువేసియుండు అంకెలను చూడుడు. ఆ యువకుని జీపునకు కంపెనీ ఇచ్చిన టైరు 215/75 ఆర్ 15. ఇందు 215 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా టైరు ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులని అర్థము. 15 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో.

215లో నూటికి 75 వంతులు 161.25 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ రిమ్మునకు పైనను క్రిందను ఉండును గనుక రెట్టింపు చేయగా 322.5. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్ల చొప్పున రిమ్ము 381. రెండును కలుపగా టైరు మొత్తము ఎత్తు 703.5 మిల్లీమీటర్లు.

అతడు వేయించిన కొత్త టైరు ఎత్తు 31 అంగుళములు, అనగా 787.4 మిల్లీమీటర్లు. ఇది పాతదానికంటె నూటికి 12 వంతులు ఎక్కువ. కావున మీటరు 1,000 మీటర్లని లెక్కించునప్పటికి జీపు సుమారు 1,120 మీటర్లు పోయియుండును. ముల్లు 60 చూపునపుడు లెక్క ప్రకారము వేగము 67. ముల్లు 80 చూపునపుడు దాదాపు 90.

కిలోమీటరు రాళ్ల సాక్ష్యము

ఈ లెక్కను పరీక్షింపగోరి, మరునాడు రద్దీలేని రహదారిపై ఆ యువకుడు ముల్లును 60 వద్ద నిలిపి నడుపగా, ప్రక్కన కూర్చుండి మేము గడియారము చూచితిమి. ఐదు కిలోమీటర్లకు ఐదు నిమిషములు పట్టవలసియుండగా 4 నిమిషముల 40 సెకనులే పట్టెను. అనగా నిజమైన వేగము 64.

లెక్కకు 67, పరీక్షకు 64 ఏల వచ్చెను? ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ననుసరించి మీటరు చూపు వేగము నిజమైన వేగముకంటె ఎన్నడును తక్కువ కారాదు. అందుచే తయారీదారులు మీటరు కొంచెము ఎక్కువ చూపునట్లే అమర్చుదురు. ఇది ప్రాణరక్షణకై ఉంచిన వెసులుబాటు. పెద్ద టైరు దానిని పూర్తిగా హరించి, ఆపైన మరికొంత వేగమును దాచిపెట్టినది.

వేగము నూటికి 12 వంతులు హెచ్చినచో, బ్రేకు పట్టిన పిదప బండి ఆగుటకు కావలసిన దూరము సుమారు నాల్గవ వంతు హెచ్చును. బడి పిల్లవాడు రోడ్డునకు అడ్డముగా వచ్చినపుడు ఈ భేదము ప్రాణముతో సమానము.

నష్టము ఇంతటితో ఆగదు. దూరపు మీటరు తక్కువ చూపుటచే ఇంజను నూనె మార్చవలసిన గడువు దాటిపోవును. లీటరుకు నిజముగా 12 కిలోమీటర్లు ఇచ్చు బండి 10.7 మాత్రమే ఇచ్చుచున్నట్లు తోచి, యజమాని లేని దోషమునకై మెకానిక్కు చుట్టు తిరుగవలసివచ్చును.

ఏమి చేయవలెను?

రిమ్ము పెద్దదైనంతమాత్రమున టైరు ఎత్తు పెరుగవలెనను నియమము లేదు. 215/70 ఆర్ 16 టైరు ఎత్తు 707.4 మిల్లీమీటర్లు. రిమ్ము ఒక అంగుళము పెరిగినను మొత్తము ఎత్తులో భేదము 4 మిల్లీమీటర్లే. కావున చూడవలసినది రిమ్మును కాదు, మొత్తము ఎత్తును. ఎత్తులో భేదము నూటికి మూడు వంతులు మించకుండుట మంచిది.

మోటారు సైకిలు గలవారు తమ మీటరునకు తీగ ముందు చక్రమునుండి వచ్చుచున్నదో, మరియొక చోటునుండి వచ్చుచున్నదో తెలిసికొనవలెను. ముందు చక్రమునుండి వచ్చుచున్నచో వెనుక టైరు మార్పు మీటరును కదలింపదు. ముందు టైరు మార్పు కదలించును.

రిజిస్ట్రేషను పత్రమందలి వివరములు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను శాసించుచున్నది. కావున కంపెనీ అనుమతించిన కొలతలలోనే టైర్లు కొనుడు. ఇదివరకే మార్చియున్నచో, పైన చెప్పినట్లు పరీక్షించి, తిరిగి పాత కొలతకే రండు. గడియారము చూచుపని ప్రక్కవారికే అప్పగింపుడు. నడుపువారి చూపు రోడ్డుపైననే ఉండవలెను.

ఆ యువకుడు పరీక్ష ముగిసిన పిదప కాగితముపై లెక్కను మరల వేసికొని, "బడి ముందర నేను నలుబదిలో పోవుట లేదన్నమాట" అనెను. పాత టైర్లు అతని కొట్టములోనే ఉన్నవట. వాటినే మరల వేయింతునని మాతో చెప్పెను.