నెత్తుటిలో కొడవళ్ళు

కృష్ణా డెల్టాలో పెరిగినవారికి కాలువ స్వభావం వేరుగా చెప్పనక్కరలేదు. విజయవాడ వద్ద నదిపై 1855లో ఆనకట్ట పూర్తయింది. శతాబ్దం గడిచాక, 1957లో ప్రకాశం బ్యారేజీ వెలసింది. అక్కడ బయలుదేరిన ఏలూరు, రైవస్, బందరు కాలువలు పాయలై, పంటబోదెలై శివారు పొలాల దాకా నీటిని మోసుకుపోతాయి. నడుమ ఎక్కడైనా గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంటే, ఎగువన నీరు నిండుగా ఉన్నా దిగువ చేను ఎండిపోతుంది. మనిషి రక్తనాళాలకు ఇటువంటి గతినే పట్టించే వ్యాధి ఒకటుంది. దాని పేరు సికిల్ సెల్ వ్యాధి. సికిల్ అంటే కొడవలి.

ఆరోగ్యవంతుని ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉండి, తనకంటె సన్నని నాళంలో సైతం వంగి దూరిపోతుంది. ఈ వ్యాధి ఉన్నవారిలో ప్రాణవాయువును విడిచిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పోగులవుతాయి. కణం బిరుసెక్కి కొడవలిలా వంగుతుంది. అటువంటి కణాలు నాళంలో ఇరుక్కొన్నప్పుడు ఆవలి భాగానికి ప్రాణవాయువు అందక భరింపరాని నొప్పి పుడుతుంది. మామూలు కణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. కొడవలి కణానిది 10 నుండి 20 రోజులే. రక్తహీనత, ఆయాసం, కళ్ళలో పచ్చదనం అందువలన కలిగేవే. ఆరు నెలలు దాటిన పసిబిడ్డకు చేతులు, పాదాలు వాచడం తొలి గుర్తు కావచ్చు.

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, గ్రెనడా దీవి నుండి దంతవైద్యం చదువుకోవడానికి వచ్చిన ఒక యువకుని రక్తంలో ఈ వింత కణాలను గుర్తించి వర్ణించాడు. దోషం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపింది. ఆ అణువులోని బీటా గొలుసులో ఆరవ స్థానాన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలీన్ చేరడమే కారణమని తరువాత వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. ఇంత బాధకు మూలం అంత చిన్న మార్పు!

మన దేశంలో ఈ లక్షణాన్ని 1952లో నీలగిరి గిరిజనులలో కనుగొన్నారు. పాడేరు, అరకు, రంపచోడవరం మన్యాలలోను, ఆదిలాబాదు, భద్రాచలం అడవులలోను ఇది కనబడుతుంది. అక్కడే ఎందుకు? మన్యపు జ్వరమని పూర్వులు భయపడిన మలేరియాలో దీనికి సమాధానం ఉంది. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే ఈ జన్యువు పొందినవారు వాహకులు. వారికి తీవ్రమైన మలేరియా నుండి కొంత రక్షణ లభిస్తుందని 1954లో ఆంటొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికా పరిశోధనల ద్వారా వెల్లడించాడు. తరతరాలుగా దోమతో పోరాడిన జనం నెత్తుటిలో మిగిలిన గుర్తు ఇది. దీనిని ఒక తెగకు అంటిన కళంకంగా భావించడం కేవలం అజ్ఞానం.

వాహకుడు రోగి కాడు. సాధారణంగా అతని జీవితం అందరి జీవితం వంటిదే. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే మాత్రం ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి రావడానికి 25 శాతం అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తరువాతి ముగ్గురికీ రాదని లెక్కవేసేవారున్నారు. అది పొరపాటు, ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైంది. 17 రాష్ట్రాలలో, 40 ఏళ్ళ లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు జరిపి, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలన్నది సంకల్పం. పరీక్షించినవారికి ఫలితం తెలిపే కార్డులిస్తారు. పెళ్ళికి జాతకాలు చూసే మన సమాజంలో ఈ కార్డు ఇంకొక జాతకమైపోయే ప్రమాదం లేకపోలేదు. వరుడూ వాహకుడేనన్న సంగతి మరచి, వధువునే వేలెత్తి చూపడం మనవారికి కొత్త కాదు. వాహకులిద్దరు పెళ్ళాడదలచుకొంటే అడ్డేమీ లేదు. గర్భం తొలి నెలలలోనే శిశువును పరీక్షించే పద్ధతులున్నాయి.

చికిత్స విషయానికి వస్తే, హైడ్రాక్సీయూరియా నొప్పుల తాకిడిని తగ్గిస్తుంది. కొత్త రక్తకణాల తయారీకి రోగులు వాడే ఫోలిక్ ఆమ్లం మాత్ర వెనుక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోనే అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఆ విటమినును కృత్రిమంగా తయారుచేసింది. మూలుగ మార్పిడితో వ్యాధి నయం కాగలదు. జన్యువునే సవరించే చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికాలు అనుమతినిచ్చాయి. దాని ఖరీదు సామాన్యులకు అందనిది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ వ్యాధిని తన జాబితాలో చేర్చింది. రోగులకు నెలకు రూ. 10,000 పింఛనును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ప్రవేశపెట్టింది.

చదువుకోసం మన్యం నుండి విజయవాడ వసతిగృహాలకు విద్యార్థులు వస్తుంటారు. బెజవాడ ఎండలో ఒంట్లో నీరు తగ్గినా, చలికి వణికినా, శక్తికి మించి పరుగెత్తినా వ్యాధిగ్రస్తునికి నొప్పి తిరగబెడుతుంది. ఆటస్థలంలో కూర్చుండిపోయినవాణ్ణి సోమరి అని ఎగతాళి చేసేముందు కారణం అడగాలి. నీళ్ళసీసా దగ్గర ఉంచుకోవడానికి తరగతిలో అనుమతి ఉండాలి. జ్వరం వచ్చినా, ఛాతీలో నొప్పి పుట్టినా తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. తొలి పరీక్షకు వేలి కొసనుండి తీసిన చుక్క నెత్తురు చాలు, ఫలితం కొద్ది నిమిషాలలోనే తెలుస్తుంది. కొడవలి జాడ కనబడితే, ఆ వ్యక్తి వాహకుడో రోగియో ప్రయోగశాలలో మరొక పరీక్ష జరిపి నిర్ధారిస్తారు.