తల్లి ప్రేమ చాలక వచ్చేది కాదు



ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి మూడేళ్ల కుమారుణ్ణి తీసుకొని మా బంగళాకు వచ్చింది. పేరుపెట్టి పిలిచినా ఆ బాబు తిరిగి చూడడు. బొమ్మకారును తిరగేసి, చక్రం తిప్పుతూ గంటసేపు కూర్చుంటాడు. డాక్టరు ఆటిజం అన్నారట. "ఫాదర్ గారూ, నేను ఉద్యోగానికి పోయి బిడ్డను పట్టించుకోలేదని మా అత్తమ్మ అంటున్నారు. నా తప్పేనా?" అని ఆ తల్లి అడిగింది.

అత్తమ్మను నిందించకండి. పూర్వం పండితులూ ఇదే మాట అన్నారు. 1943లో అమెరికా వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించారు. వారి తల్లిదండ్రుల్లో చాలామంది ముభావంగా ఉన్నారనీ రాశారు. తరువాత బ్రూనో బెటల్‌హైమ్ 1967లో అచ్చయిన పుస్తకంలో నేరమంతా తల్లులపై మోపారు. ఎందరు తల్లులు ఆ నిందను మోస్తూ ఏడ్చారో!

1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 కవలజంటలను పరిశీలించారు. ఒకే అండం నుండి పుట్టిన 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉన్నది. వేరువేరు అండాల 10 జంటల్లో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. ఏ జంటకైనా తల్లి ఒక్కతే, ఇల్లు ఒక్కటే గదా! అంటే మూలం పెంపకంలో కాదు, పుట్టుకలోనే ఉన్నది. ఎన్నో జన్యువుల ప్రభావంతో మెదడు ఎదుగుదల గర్భంలోనే వేరు దారి పడుతుందని నేడు తెలుసు.

మరి టీకా వల్లనా? తాటిచెట్టుపై కాకి వాలగానే పండు రాలితే కాకే రాల్చిందనుకోవడాన్ని మన తర్కశాస్త్రం కాకతాళీయం అంటుంది. తట్టు టీకా వేసే వయసు, ఈ లక్షణాలు బయటపడే వయసు దాదాపు ఒక్కటే. టీకాను అనుమానించిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో రద్దు చేసింది. డెన్మార్కులో 6,57,461 మంది పిల్లలను పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితాల్లోనూ టీకాకు, ఆటిజానికి సంబంధం కనబడలేదు.

ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. ఆ పేరుతో అమ్మేవారికి మీ నగలు కుదువపెట్టి డబ్బు ఇవ్వకండి. మేలు చేసేది శిక్షణ. ఇంగ్లండులో 152 మంది పిల్లలతో ఒక పరిశోధన జరిగింది. తల్లిదండ్రులు బిడ్డతో ఆడుకుంటుండగా వీడియో తీసి, దాన్ని వారికే చూపి, బిడ్డ చూపును, సైగను ఎలా అందుకోవాలో నేర్పారు. ఆ మేలు సుమారు ఆరేళ్ల తరువాత కూడా నిలిచి ఉన్నట్టు 2016లో ప్రకటించారు. చూడండి, ఏ తల్లిని దోషి అన్నారో ఆమె చేతిలోనే సాయం ఉన్నది! కనుక బాబు చక్రం తిప్పుతుంటే లాక్కోకండి, పక్కన కూర్చొని మీరూ తిప్పండి.

ఏడాది నిండినా పిలుపుకు తిరగకపోయినా, ఏడాదిన్నరకు వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా డాక్టరుకు చూపండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే" అంటూ ఏళ్లు గడపవద్దు. బొమ్మల కార్డులతో అడగడం నేర్పితే మాట రాదని భయం వద్దు.

ఉపాధ్యాయులారా, కళ్లలోకి చూడమని బలవంతపెట్టకండి. ఆనాటి పనులను వరుసగా బొమ్మలతో గోడమీద పెట్టండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉన్నది గనుక బడిలో చేర్చుకోబోమనడం చెల్లదు.

ఇక మన గుడిలో. ఆ బాబు పూజ మధ్యలో కేక వేస్తే అందరూ వెనక్కి తిరిగి చూడకండి. తలుపు దగ్గరి బల్ల వారికి వదలండి. మైకు మోత తగ్గించే పని నాది.