పాఠం ఫోన్ చెబుతుంది, తప్పెవరు దిద్దుతారు?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. రోజూ బస్సులో బోధన్ ట్యూషన్‌కు పంపే బదులు ఆన్‌లైన్ క్లాసులు చాలవా?
– ఒక తల్లి, వర్ని

జవాబు: అవే చాలవమ్మా. అలాగని పనికిరావనీ అనను. కరోనాతో బడులు మూతపడ్డప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ సర్కారు బడి పిల్లలకు డీడీ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు వచ్చాయి. ఫోను లేని ఇంటికీ టీవీ ద్వారా చదువు అందింది, అది చిన్న మేలు కాదు. కానీ టీవీ పిల్ల నోట్‌బుక్ చూడలేదు. లెక్కలో ఒక మైనస్ గుర్తు జారిపోతే చివరి దాకా ఆ తప్పే నడుస్తుంది. పక్కన నిలబడ్డ సారు రెండో వరుసలోనే వేలు పెట్టి ఆపుతారు. గ్రామీణ భారతంలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం, బడులు తెరిచాక 2022లో 20.5 శాతమేనని పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే తేల్చింది. బడుల మూత ఒక్కటే కారణం కాకపోవచ్చు, అయినా దాన్ని పక్కన పెట్టలేం.

లైవ్ క్లాసులో సందేహం అడగొచ్చు కదా అంటారేమో. తెలియదని తెలిసిన పిల్ల అడుగుతుంది. తప్పునే ఒప్పనుకున్న పిల్ల ఏమని అడుగుతుంది? ట్యూషన్ మానిపించినా బడి మాత్రం మానిపించకండి. వీడియోను మధ్యలో ఆపి, లెక్క తనే కాగితం మీద చేయాలి. ఆ కాగితం మర్నాడు బడిలో సారుకు చూపించాలి.