ట్యాంకు లేని వాటర్ హీటర్: కొనే ముందు ఒక లెక్క

కాగులో ముందే కాచి ఉంచిన నీటికీ, కుళాయి తిప్పిన క్షణంలో కాగవలసిన నీటికీ ఎంతో భేదం ఉన్నది. అమెరికాలో ట్యాంకు లేని విద్యుత్ హీటర్ కొనదలచిన కుటుంబం మొదట గ్రహించవలసినది ఈ భేదాన్నే.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ మేర వేడి చేయడానికి సుమారు 4.19 కిలోజౌళ్ల శక్తి కావాలి. అది ఒక నిమిషంలో జరగాలంటే 70 వాట్లు అవసరం. షవర్ నుండి నిమిషానికి రెండున్నర గాలన్లు, అనగా 9.5 లీటర్లు వస్తాయనుకుందాం. ఫ్లోరిడా వంటి వెచ్చని ప్రాంతంలో 20 డిగ్రీల వద్ద వచ్చే నీటిని 40 డిగ్రీలకు తేవడానికి 13 కిలోవాట్లు చాలును. మిన్నెసోటా చలికాలంలో 5 డిగ్రీల వద్ద వచ్చే నీటికి 23 కిలోవాట్లు కావాలి. 240 వోల్టుల వద్ద ఇది దాదాపు 97 ఆంపియర్లు. ఇద్దరు ఒకేసారి స్నానం చేస్తే ఇది రెట్టింపు!

శక్తి చాలని యంత్రం నుండి గోరువెచ్చని నీరే వస్తుంది. లేదా ధార సన్నగిల్లుతుంది. 100 ఆంపియర్ల ప్యానెల్ గల పాత ఇంటికి పెద్ద యంత్రం మోయరాని భారం. ప్యానెల్ మార్పించే ఖర్చు యంత్రం ధరను మించవచ్చును.

ఆదా విషయంలోనూ భ్రమ తగదు. నీరు కాగడానికి పట్టే శక్తి రెండు పద్ధతులలోనూ ఒకటే. మిగిలేది ట్యాంకు గోడల గుండా పోయే వేడి మాత్రమే. కఠిన జలం వాడే ఇంట లోపల పేరుకొనే కాల్షియం కార్బొనేట్ పొరను వినెగార్‌తో కరిగించడం అదనపు శ్రమ.

కనుక చలికాలపు కుళాయి నీటి ఉష్ణోగ్రతను, ప్యానెల్ సామర్థ్యాన్ని ముందు తెలుసుకోవాలి. ఆ లెక్క కుదరని ఇంట ట్యాంకే మేలు.