పెట్రోలు పంపునకు విద్యుత్తు చేరుచున్నదా?

వానాకాలమున కూకట్‌పల్లి రహదారిపై కార్లు నిలిచిపోవుట మన విద్యార్థులందఱు చూచినదే. అట్టివేళ “పంపు పోయినది” యను మాట తఱచుగా వినబడును. ఆ మాటను నమ్ముటకు ముందు చేయదగిన పరీక్షను మా యనుభవము నాధారముగా గొని వివరించెదము.

పూర్వపు కార్బ్యురేటరు కార్లలో పెక్కింటికి పంపును ఇంజనే నడిపెడిది. నేటి పెట్రోలు కార్లలో సాధారణముగా పంపు టాంకులోపల నుండి, చిన్న విద్యుత్ మోటారుచే తిరుగును. బ్యాటరీనుండి విద్యుత్తు ఫ్యూజు, రిలే, తీగల మీదుగా పంపును జేరి, ఎర్తు తీగద్వారా కారు ఇనుప దేహమును బట్టి మరల బ్యాటరీకి వచ్చును. పోవు త్రోవ యెంత ముఖ్యమో వచ్చు త్రోవయు నంతే ముఖ్యము.

2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వానలలో మా పాతకారు సీట్లవఱకు నానెను. మఱుసటి సంవత్సరము శ్రావణమాసమున బాలానగరు వంతెన యెక్కుచుండగా ఇంజను నీరసించి ఆగిపోయెను. కొంతసేపటికి మరల నడిచెను. మెకానికు చూచి పంపు మార్చవలెననెను. ఆ ఖర్చు మా యింటి నెల సరుకులకంటె నెక్కువ. కావున ముందుగా పరీక్షింప నిశ్చయించితిమి.

తాళము త్రిప్పగనే వెనుకసీటు క్రింద రెండు మూడు సెకండ్లు సన్నని రొద వినబడెను. ఫ్యూజు బాగున్నది. రిలేను అదే రకపు మంచి రిలేతో మార్చి చూచితిమి; ఫలము లేదు. పంపు తీగను ఊడదీసి మల్టీమీటరు పెట్టగా 12 వోల్టులకు పైగా చూపెను. తీగలు బాగున్నవని యెంచి, పంపునే నిందింపబోతిమి.

ఇచటనే మేము పొరబడితిమి. మల్టీమీటరు గొను విద్యుత్తు ఆంపియరులో సుమారు పదిలక్షవ వంతు మాత్రమే. అంత స్వల్పప్రవాహము త్రుప్పుపట్టిన ముడిలో నుండియు సులభముగా సాగును. పంపు తిరుగునపుడో, 5 ఆంపియర్లు కావలెను. ముడిలో అర ఓము నిరోధమున్నచో, ఓము నియమము ననుసరించి 5 × 0.5 = 2.5 వోల్టులు అచటనే నశించును. భారము మోయునపుడే తీగ బలము తెలియును.

కావున తీగను మరల తగిలించి, ఇంజను నడచుచుండగా, మీటరు ఒక కొనను బ్యాటరీ ఋణధ్రువమునను, రెండవకొనను పంపు ఎర్తు తీగ ముడియందును ఆనించితిమి. సున్నకు చేరువగా నుండవలసినది దాదాపు 3 వోల్టులు చూపెను! తివాచీ నెత్తి చూడగా, ఎర్తు తీగను దేహమునకు బిగించిన బోల్టు వద్ద పచ్చని చిలుము పేరుకొని యుండెను. బ్యాటరీ తీగ విప్పి, దానిని గరుకు కాగితముతో రుద్ది, గట్టిగా బిగించితిమి. పంపు మార్చకయే కారు వంతెన నెక్కినది.

బాలురారా, బాలికలారా! పెట్రోలు ఆవిరి మిక్కిలి ప్రమాదకరము. టాంకు మూత తెఱచియుండగా గాని, పెట్రోలు వాసన వచ్చుచుండగా గాని ఈ పని చేయరాదు. తలుపులు తెఱచి, నిప్పును దూరముగా నుంచి, తెలిసిన పెద్దల యెదుటనే చేయవలెను.

రోగమొకచోట, మందొకచోట వేసిన ధనము వ్యర్థమగును. తరగతిలో నేర్చిన చిన్న గుణకారము మా ధనమును గాపాడినది.